గ్రామఫోను పెట్టె పక్కన పెద్దమ్మ

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోనులో ఏదో చూస్తూ ఉసూరుమంది. ఏమైందే తల్లీ అంటే ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. ఎక్కడో పరదేశంలో, ఇసకేస్తే రాలనంత జనం ముందు, తళతళలాడే కోటు తొడుక్కుని ఒక ముసలాయన పాడుతున్నాడు. ఒకప్పుడు ప్రపంచాన్నంతా ఊపేసిన పాప్ గాయకుడట, దాని తండ్రి కాలేజీ రోజుల్లో గోడకు ఆయన బొమ్మ అంటించుకున్నాడట. ఇప్పుడు పాపం, పైస్థాయి వచ్చిన చోటల్లా మైకు జనం వైపు తిప్పేస్తున్నాడు, వెనక నిలబడ్డ పడుచువాళ్లు ఆ ముక్క అందుకుని గట్టెక్కిస్తున్నారు. దాని కింద లోకులు రాసిన మాటలు కూడా చదివి వినిపించింది. కొందరేమో దేవుడే దిగివచ్చాడని, కొందరేమో ముసలాయన ఇంటిపట్టున ఉండరాదా అని. అప్పటి పాటలు అంత బాగా రికార్డయి ఉండగా ఈ వయసులో మళ్లీ ఈ తంటా ఎందుకమ్మమ్మా, ఉన్న పేరు పోగొట్టుకోవడం కాకపోతే, అని దాని బాధ.

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే మాట మా పెద్దమ్మ తన గురించి తానే అనేది. అది చెబుదామనుకునేలోపు మనవరాలు చెవుల్లో ఏవో పెట్టేసుకుని ఇంకో లోకానికి వెళ్లిపోయింది. ఈ కాలం పిల్లలకు మనం చెప్పదలచుకున్న సంగతి చెప్పాలంటే ముందు అపాయింట్‌మెంటు తీసుకోవాలి. సరే, దానికి తీరిక లేకపోతే మీకుంది కదా, మీకే చెబుతాను.

అరవై తొమ్మిది నాటి తార్నాక మీలో ఎందరికి గుర్తుందో నాకు తెలియదు. ఇప్పుడు మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటాలంటే నాకు గుండె దడ, కానీ ఆ రోజుల్లో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే ఒకవైపు బండరాళ్లూ సీతాఫలం పొదలూ, ఇంకోవైపు దూరంగా మౌలాలి గుట్టా కనిపించేవి. సందెవేళ గుట్ట మీద దర్గాలో దీపం వెలిగితే అమ్మ కూడా మా ఇంట్లో దీపం ముట్టించేది. లాలాపేట వైపు నుంచి రైలు కూత వినబడితే బాపు ఆఫీసుకు బయలుదేరేవాడు. బాపు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా, అన్న అదే యూనివర్సిటీలో ఎమ్మే, నేను అప్పుడే పియుసిలో చేరి రెండు జడలు వేసుకుని కాలేజీకి పోవడం మొదలుపెట్టానో లేదో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది, కాలేజీలు మూతపడ్డాయి.

ఆ ఎండాకాలం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. చదువు లేదు, పరీక్ష ఎప్పుడో తెలియదు, ఊళ్లో ఒకనాడు కర్ఫ్యూ, ఒకనాడు ఊరేగింపు. అన్న పొద్దున్నే క్యాంపస్‌కు పోయి చీకటి పడ్డాక చెమటలు కక్కుతూ వచ్చేవాడు, గొంతు నినాదాలతో బొంగురుపోయి ఉండేది. అమ్మ గుండె అరచేతిలో పెట్టుకుని ఉండేది. నాకేమో, నిజం చెప్పాలంటే, భయంతో పాటు ఏదో తెలియని సంబరం కూడా ఉండేది. మధ్యాహ్నాలు క్యాంపస్ దారిలో తురాయి చెట్లు ఎర్రగా పూసి, నడిచేవాళ్లు లేక పూలన్నీ రోడ్డు మీదే పడి ఉండేవి. నేను పెద్దమ్మను తోడు తీసుకుని అక్కడికి పోయి పూలేరుకునేదాన్ని. ఆ పూలు ఎందుకూ పనికిరావని ఆమె, అయినా కావాలని నేను.

పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. పెదనాన్న పోయాక కాచిగూడ ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికే వచ్చింది. వచ్చేటప్పుడు ఆమె వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక గ్రామఫోను పెట్టె వచ్చాయి. ట్రంకులో బట్టల కంటె పాటల ప్లేట్లే ఎక్కువ, ఒక్కొక్కటీ పాత పట్టుచీర ముక్కలో చుట్టి ఉండేది. ఆ ప్లేట్లలో పాడింది ఆమే. పదహారేళ్ల పిల్లగా తాతయ్యతో రైలెక్కి మద్రాసు పోయి పాడి వచ్చిందట. ఇప్పటివాళ్లు పాప్ స్టార్ అంటారు గాని, అప్పట్లో ఆ పేరు లేకపోయినా హోదా మాత్రం అదే. పెళ్లిపందిట్లో లౌడుస్పీకరు కట్టారంటే మొదట మోగేది పెద్దమ్మ పాటే, ఇరానీ హోటళ్లలో చాయ్ చల్లారబెట్టుకుని మరీ వినేవారట. బట్టల దుకాణంలో నోరు తెరిచి చీర ధర అడిగితే గొంతు గుర్తుపట్టి కుర్చీ వేసేవారని అమ్మ చెప్పేది. తర్వాత సినిమాపాటలు వచ్చాయి, కొత్త గొంతులు వచ్చాయి, పెద్దమ్మను మద్రాసుకు పిలిచేవాళ్లు లేకపోయారు.

మా ఇంటికి వచ్చేనాటికి ఆమె యాభై దాటింది. పాట మానేశానని మాత్రం ఎన్నడూ అనలేదు. ఎవరైనా వచ్చి, మీరు ఆ పాట పాడినవారు కదా, ఒక్కసారి పాడరూ అని బతిమాలితే చాలు, కాదనకుండా లోపలికి వెళ్లి గ్రామఫోను పెట్టె తెచ్చి చాప మీద పెట్టేది. ప్లేటు తుడిచి, సూది మార్చి, చావి తిప్పి, కొంగు భుజాన సర్దుకుని పెట్టె పక్కన నిటారుగా కూర్చునేది. ప్లేటు పాడుతుంటే కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేసేది. పాట మధ్యలో పెట్టె స్ప్రింగు పాతదై నీరసపడేది కాబట్టి, తాళం వేసే చెయ్యి వేస్తూనే ఉండగా రెండో చేత్తో ఇంకో నాలుగు తిప్పులు తిప్పేది. ఆ చావి ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. పాట అయిపోగానే వచ్చినవాళ్లు ఎంత బాగా పాడారండీ అనేవారు, ఆమె కొంచెం తల వంచి ఆ మెప్పు అందుకునేది. మా ఇంట్లో పెద్దమ్మ పాడటమంటే అదే. మాకెవరికీ అందులో వింతేమీ కనిపించేది కాదు, వచ్చినవాళ్లు కూడా కాసేపటికి పెట్టె సంగతి మరచి ఆమె ముఖం వైపే చూసేవారు.

నేను ఒకసారి ఉండబట్టలేక, నువ్వే పాడొచ్చు కద పెద్దమ్మా అన్నాను. ఆమె ప్లేటును గుడ్డలో చుడుతూ, "నా గొంతు గీ ప్లేట్ల భద్రంగ ఉన్నది బిడ్డా. ఇప్పటి గొంతు బయటికి దీస్తె, ఆ గొంతు గూడ పోతది" అంది. నాకు సగమే అర్థమైంది. తర్వాత వంటింట్లో అమ్మ నెమ్మదిగా చెప్పింది. ఎన్నో ఏళ్ల తర్వాత చుట్టాల పెళ్లిలో పెద్దమ్మ సరదాపడి నోటితో పాడిందట, పాత శ్రుతిలోనే ఎత్తుకుందట, పైకి పోయినచోట గొంతు చీలిపోయిందట. పందిట్లో ఎవరో ఆడమనిషి, దీనికంటె ప్లేటే నయం అని నవ్విందట. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఇప్పటి గొంతు విన్నవాళ్ల చెవుల్లోంచి పాత గొంతు చెరిగిపోతుందని, ఆ పేరు తప్ప తనకు వేరే ఆస్తి లేదని ఆమె భయం. నవ్వులాటగా అనిపించవచ్చు గాని, ఆ భయం ఆమెను లోపల్లోపల కొరుక్కు తింటూ ఉండేది.

ఇదిలా ఉండగా క్యాంపస్‌లో ఒక సాయంత్రం విద్యార్థుల సభ తలపెట్టారు. ఉపన్యాసాలు విని విని జనానికి విసుగు పుడుతోంది, ఎవరైనా పాడేవాళ్లు ఉంటే బాగుండునని మాటల్లో ఒకరు అన్నారట. మా అన్న ఊరుకుంటాడా, ఫలానా ప్లేట్ల మీద పాడినావిడ మా సొంత పెద్దమ్మ, పిలిస్తే వస్తుందని గొప్పలు పోయాడు. ఇంటికి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చుని బతిమాలాడు. బాపు మాత్రం, గవర్నమెంటు నౌకరీ, పోలీసులు, పేపర్లో పేరు, అని ఏవేవో గొణిగాడు. పెద్దమ్మ అవేవీ విననట్టుగా, ఆ పిల్లలకు నేను తెలుసా అని మాత్రం అడిగింది. తెలియకపోవడమేంది, అందరి ఇండ్లలో నీ పాటలేనన్నాడు అన్న. ఆమె ముఖం వెలిగిపోయింది. సరే పాడతానంది. అన్న పొంగిపోయి క్యాంపస్ అంతా చాటించాడు. పెద్దమ్మ ఏమో సూదుల డబ్బా వెతుక్కోసాగింది. అంత చదువుకున్నవాడికీ, ఎప్పుడూ అనుమానించే బాపుకూ, అమ్మకూ, నాకూ, మా ఇంట్లో పాడటం వేరు, సభలో పాడటం వేరు అన్న ముక్క తట్టనే లేదంటే మీరు నమ్మాలి.

ఆ సాయంత్రం ఆమె చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంది. అమ్మ మిరియాల కషాయం సీసాలో పోసి ఇచ్చింది, గొంతుకు మంచిదని. ప్లేటు పాడబోతుంటే కషాయం ఎందుకో మాలో ఒక్కరమూ అడగలేదు. రిక్షాలో పెట్టె ఆమె ఒళ్లో, ప్లేటు నా ఒళ్లో. ఆర్ట్స్ కాలేజీ రాతిగోడల మీద ఎండ పసుపుపచ్చగా ఉంది. ముందున్న మైదానంలో గడ్డి మీద పిల్లలు, వాళ్ల వెనక హాస్టలు వంటవాళ్లు, లాలాపేట నుంచి నడిచివచ్చిన ఆడవాళ్లు, అరెస్టయిన పిల్లల తల్లులు కొందరు. రెండు బల్లలు కలిపి వేదిక కట్టారు. బాపు రానన్నవాడు వచ్చి, సభలో లేనట్టూ ఉన్నట్టూ దూరంగా ఒక చెట్టు కింద సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

అన్న మైకులో ఆమె గురించి చెప్పగానే చప్పట్లు మోగాయి. ఆమె వేదికెక్కి నమస్కారం పెట్టి, బల్ల మీద గ్రామఫోను పెట్టె తెరిచింది. పిల్లలు ఏదో విశేషం చూపిస్తుందనుకున్నారు కాబోలు, మెడలు సాచి చూశారు. చావి తిప్పి, ప్లేటు పెట్టి, మైకును పెట్టె వైపు వంచి, తాను పక్కన చేతులు కట్టుకుని నిలబడి కళ్లు మూసుకుంది. ప్లేటు పాడటం మొదలుపెట్టింది. 'వాకిట నిలిచెద వచ్చేదాకా' అని, ఒక పడుచుపిల్ల తన మనిషి కోసం ఎదురుచూసే పాట. సన్నని తీయని గొంతు లౌడుస్పీకర్లోంచి వచ్చి మైదానమంతా పరుచుకుంది. ఆ ఎదురుచూపులో బెంగ లేదు, వాడు రాక ఎక్కడికి పోతాడన్న ధీమా, ఒక గారం.

మొదట నిశ్శబ్దంగానే విన్నారు. కొంచెంసేపటికి వెనకనుంచి గుసగుస, దాని మీద ఒక కిసుక్కు. ఎవరో పిల్లవాడు, ప్లేటైతే హోటల్లో వింటాం కద పెద్దమ్మా అన్నాడు. నవ్వు వరస తర్వాత వరస ముందుకు వచ్చింది. అప్పుడు తెలిసింది మాకు ఏం చేశామో. అన్న ముఖం కందగడ్డయింది. నేను భూమి చీలితే దూరిపోదామన్నట్టు తల దించుకున్నాను. పెద్దమ్మకు ఆ నవ్వు వినబడుతూనే ఉంది, కళ్లు మాత్రం తెరవలేదు. అసలు ప్రమాదం ఇంకా రానే లేదు. చాప మీద కూర్చుని ఉంటే ఆ పాటికి నాలుగు తిప్పులు తిప్పేది, వేదిక మీద చేతులు కట్టుకుని నిలబడి ఉండటంతో అది జరగలేదు.

పాట నెమ్మదించింది. గొంతు జారడం మొదలుపెట్టింది. పడుచుపిల్ల గొంతు మధ్యవయసుదై, ఇంకా జారి బరువెక్కి, మాట మాటకూ మధ్య నిద్రపోతున్నట్టు సాగిపోయింది. నవ్వులు పగలబడ్డాయి. పెద్దమ్మ కళ్లు తెరిచింది. చెయ్యి చావి మీదికి పోయింది. నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. తిప్పితే చాలు, ప్లేటు మళ్లీ లేస్తుంది, నవ్వుకున్నవాళ్లు నవ్వుకుంటారు, మేం ఇంటికి పోతాం. ఆమె పేరు ప్లేటులో భద్రంగానే ఉంటుంది. చెయ్యి చావి మీద ఉండిపోయింది, తిప్పలేదు. ప్లేటు 'వచ్చే...' అని దిగి దిగి ఆగిపోబోతుంటే, సరిగ్గా అది దిగిన చోటునే, ఆ కింది శ్రుతిలోనే, ఆమె నోరు తెరిచి 'వచ్చేదాకా' అని అందుకుంది.

ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటూ వినలేదు. మందంగా, కొంచెం గరుగ్గా ఉంది, ఊపిరి మధ్యలో తెగుతోంది. రెండో చరణంలో ఒకచోట చీలింది కూడా. ఆమె దాన్ని దాచుకోలేదు, ఆగి గుక్క తిప్పుకుని ఆ మాటే మళ్లీ పాడింది.  ప్లేటులోని పిల్లకు వాడు వస్తాడని తెలుసు. ఈమె వాకిట్లో ఎన్నో ఏళ్లు నిలబడ్డ మనిషి, వస్తాడో రాడో తెలియదు, అయినా నిలబడతానంటోంది. అవే మాటలు, అదే వరస. నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. అరెస్టయిన పిల్లవాడి తల్లి ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చెట్టు కింద బాపు సైకిలు వదిలేశాడు, అది పక్కకు ఒరిగి పడిపోయినా తీయలేదు.

పాట అయిపోయింది. ఆమె బెదిరినట్టు నా వైపు చూసింది, తర్వాత పెట్టె మూత మూసేసి మైకును తన వైపు తిప్పుకుంది. "మొదటి సగం ఆ పిల్ల పాడింది. ఇప్పుడు మొత్తం నేను పాడుత, ఇనుండ్రి" అంది. మళ్లీ మొదటినుంచి పాడింది. ఈసారి 'వచ్చేదాకా' అన్నచోటల్లా గడ్డి మీద కూర్చున్నవాళ్లు కూడా అందుకున్నారు, ఇందాక నవ్వినవాళ్లే అందరికంటె గట్టిగా. ఎండ పోయి, రాతిగోడలు బూడిదరంగుకు తిరిగేదాకా పాడించుకున్నారు.

 ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో, తార్నాక మలుపు దగ్గర, ఎట్లున్నదే అని ఆమె అడిగింది. నేను ఆమె భుజానికి తల ఆనించి ఏడ్చేశాను. ఆమె నా తల నిమురుతూ, "పోయిందనుకున్న బిడ్డా. పోలె. కిందికి దిగి కూసున్నది, అంతే" అంది.

ఆ ఎండాకాలమంతా ఆమె పాడింది, సభల్లో, బస్తీల్లో, పొద్దున బియ్యం చెరుగుతూ మా ఇంటి వాకిట్లో. గ్రామఫోను పెట్టె మంచం కిందికి పోయింది. ఆ విడత ఉద్యమం చల్లబడింది, కాలేజీలు తెరిచారు, మేం పోగొట్టుకున్న ఏడాది పోగొట్టుకున్నట్టే చదువుల్లో పడ్డాం. మరికొన్నేళ్లు బతికి పెద్దమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. చివరిదాకా గొంతు ఇంకా ఇంకా దిగుతూనే ఉంది, ఆమె దానితోపాటు దిగి పాడుతూనే ఉంది. మద్రాసు వాళ్లెవరూ రాలేదు. ఆ గొంతును ప్లేటు చేయాలని ఎవరికి తోస్తుంది చెప్పండి? మాకే తోచలేదు.

నాకు సంగీతం రాదు, ముసలి గాయకులంతా గొప్పగా పాడతారని వాదించను కూడా. తన పాత ప్లేటు వెనక పరుగెత్తేవాడు ఆయాసపడి పడిపోతాడు, పందిట్లో పెద్దమ్మకు జరిగింది అదే. తన గొంతు ఎక్కడుందో అక్కడికి దిగి వెళ్లగలిగినవాడికి మాత్రం, పడుచుతనంలో కలలో కూడా అందని పాట చేతికి వస్తుంది. మళ్లీ ఉద్యమం లేచిన రోజుల్లో, నాకప్పుడు జుట్టు నెరిసింది, క్యాంపస్‌లో ఆటాపాటా అంటే పోయి వెనక నిలబడేదాన్ని. డప్పులు, గజ్జెలు, ఎంత పాట! ప్రతి చేతిలోనూ ఒక ఫోను, ప్రతి పాటా అందులోకి పోతోంది. తెలంగాణ వచ్చింది. ఆ పిల్లల పాటలు వాళ్ల మనవలు కూడా వింటారు, నాకు సంతోషమే, కొంచెం అసూయ కూడా.

పోయిన నెలలో మా అన్న కొడుకు ఒక పాట పంపాడు. ఎవరో పాతప్లేట్ల పిచ్చివాడు ఇంటర్నెట్టులో పెట్టాడట, చూస్తే పెద్దమ్మదే, 'వాకిట నిలిచెద'. గరగర శబ్దం వెనక పదహారేళ్ల తీయని గొంతు. పదిమందికి పంపాను, రోజంతా వేసుకుని వేసుకుని విన్నాను, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తూ, ఆ సాయంత్రం మైదానంలో విన్న గొంతును తలుచుకుందామని చూస్తే రాలేదు. పచ్చచీర కనిపిస్తోంది, చావి మీద చెయ్యి కనిపిస్తోంది, నోరు కదులుతోంది, లోపలినుంచి వచ్చేది మాత్రం ప్లేటులోని పిల్ల గొంతే. ఎంత ప్రయత్నించినా అదే. ముసలి గొంతు వల్ల పడుచు గొంతు చెరిగిపోతుందని భయపడింది పిచ్చితల్లి. జరిగింది దానికి తలకిందులు.

బాపు లేడు, అమ్మ లేదు, అన్న పోయి మూడేళ్లయింది. అందుకని అడుగుతున్నాను. ఆ ఎండాకాలం ఆ గడ్డి మీద కూర్చుని, నవ్వి, తర్వాత గొంతు కలిపినవాళ్లు మీలో ఎవరైనా ఉండే ఉంటారు. ఆ శ్రుతి మీ చెవిలో ఇంకా ఉంటే తార్నాక వచ్చినప్పుడు మా ఇంటికి రండి, ఒక్కసారి నాకు పాడి వినిపించండి. నా గొంతు పోయిందమ్మా, ఇప్పుడేం పాడతానని మాత్రం అనకండి.